రాయమల్లు రసమట్టం

“...ముప్పై ఏండ్ల సంది లేని వంకర ఇయ్యాల యాడికెల్లి వచ్చింది మేస్త్రీ?” అంటున్నాడు ఇంటి ఓనరు రాంప్రసాద్.

“మొదటి సంది ఉన్నది. నువ్వు చూడలే,” అన్నాడు రాయమల్లు, కింద కూర్చుని నిర్మలమ్మ గడప మీద రసమట్టం పెడుతూ.

రాయమల్లు పని మానేసిన తాపీమేస్త్రి. తప్పు ఎప్పుడూ మనిషిలో పట్టడు, నేలలో పట్టుకుంటాడు. హన్మకొండలోని మా వాడకట్టులో ఎవరి చేతిలో చాయ్ ఒలికినా జేబులోంచి ఆ బెత్తెడు పట్టీ తీసి, గాజు గొట్టంలో బుడగ ఎటు జరిగిందో చూసి, నేల వంకరని తీర్పు చెబుతాడు. శ్రీకాంత్ స్కూటర్‌తో సహా మోరీలో పడితే, అతన్ని లేపడానికి ముందు మోరీ గట్టు కొలిచాడు. ఆయనతో రోజూ మాట్లాడేది ఆ బుడగ ఒక్కటేనని నవ్వుకునేవాళ్లం. పై గదిలో ఒక్కణ్ణే ఉండే నేను కూడా నవ్వాను.

కింది వాటాలో అద్దెకుండే నిర్మలమ్మదీ ఒంటరి బతుకే. నెల కింద కూరగాయల మార్కెట్లో తలెత్తి ఏదో చూడబోయి, కళ్లు తిరిగి పడిపోయింది. పొద్దుగాల్నే కల్లు తాగిందని ఎవరో అన్నారు. ఆ తర్వాత ఆమె బయటికి రాలేదు. పడుకుంటే ఇల్లు గిర్రున తిరుగుతోందని కుర్చీలోనే కూర్చుని నిద్రపోయేది.

రాయమల్లు ఓనరుతో వారం పోట్లాడి ఆ గడప మార్చాడు. తర్వాత వంటింటి గచ్చు తవ్వాడు. ఆమె తప్పేం లేదని, ఇల్లే వంకర కట్టారని వాడకట్టంతా వినేలా చెప్పాడు. సిమెంటు కలపడానికి వెళ్లిన రోజు నేను ఇంకా తవ్వని పాత గచ్చు మీది రసమట్టంలోకి వంగి చూశాను. బుడగ సరిగ్గా నడుమ ఉంది.

“చూసినవా హరికృష్ణా, ఎంత వంకరనో,” అన్నాడు.

ఔనన్నాను.

ఆమెకు మాత్రం తల తిరగడం తగ్గలేదు. ఇక సరిచేయడానికి ఇంట్లో నేల మిగల్లేదు. ఒక సాయంత్రం నేను మెట్లు దిగుతుంటే, రాయమల్లు ఆమె గుమ్మం ముందు కూర్చుని ఆమెతో చెబుతున్నాడు. చెవి డాక్టరు దగ్గరికి పోయి, ఆమె బాధలన్నీ తనవే అన్నాడట. డాక్టరు ఆయన తల పక్కకు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి, కళ్లలోకి చూసి, నీకేం లేదు, జబ్బున్న మనిషిని తోలుకరమ్మన్నాడట.

“చెవి లోపల ఇసుకరవ్వలసొంటివి ఉంటయటక్కా. అవి జారితే తల తిరుగుతదట. నీ తల ఓ తీరుగ తిప్పితే మళ్ల జాగల పడ్తయన్నడు. సూది లేదు, కోత లేదు. నన్ను పండబెట్టి చూసిండు, నొయ్యలే.”

“మరి నేల వంకరని ఎందుకన్నవ్?”

“నువ్వు తాగినవన్నరు. ఆ మాట నేల మీదికి నూకిన.”

నిర్మలమ్మ కుర్చీలోంచి మెల్లగా లేచింది.

“రేపు దవాఖానకు పోదాం తమ్మీ,” అంది. “ఆటో వద్దు. వాడకట్టంత లేచినంక, నడిచే పోదాం.”