ఒక్క బొమ్మతో ఆడిన ఆట

ఉదయగిరి నుంచి వచ్చిన బండివాడు ఎద్దుల్ని విప్పకుండానే చెప్పాడు: "మీ బొమ్మలాట పెద్దాయన పోయినాడు అయ్యోరా." అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పిల్లలకు గుణింతాలు చెబుతూ వీధిలోకి చూస్తున్నాను. ఆత్మకూరులో ఆయన మా పక్కింటి మనిషి. ఇంట్లో కంటే దారిలోనే ఎక్కువ ఉండేవాడు కాబట్టి, ఇప్పుడూ ఏ దారిలోనో ఉన్నాడనిపిస్తోంది.

ఆయన కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. అన్నం కూడా నిలబడే తినేవాడు. "కదలకుండా పెడితే తోలుబొమ్మే బిగుసుకపోతాది, మనిషెంత?" అనేవాడు. దేవతల బొమ్మలొక మూట, రాక్షసులవి ఒక మూట. ఒకే ఇంట్లో పెడితే కొట్టుకుంటాయని రాక్షసుల మూటను మా పంచలో పడేసేవాడు. "మంచివాళ్ళు మీకు, రాక్షసులు మాకా?" అని నా భార్య రుసరుసలాడేది.

ధాత నామ సంవత్సరంలో పెద్ద కరువు వచ్చింది. వానలు లేకపోతే మా వైపు బొమ్మలాట ఆడించడం ఆచారం. రెండో ఏడు కూడా మబ్బు మొహం చాటేసేసరికి ఊరి పెద్దలు ఆయన గుమ్మం ముందు నిలబడ్డారు. "ఆట కట్టు. దేవుళ్ళని తెరమీదికి తీసకరా. ఇంక మాకేం దిక్కుండాది?" ఆయన సరేనన్నాడు. వాళ్ళు వెళ్ళాక నన్ను లోపలికి పిలిచి బొమ్మల మూటల ఖాళీ గుడ్డలు చూపించాడు.

అవి మేకతోలు బొమ్మలు. నానబెట్టి, ఉడకబెట్టి తిన్నారు.

"ముందు మీ పంచలో రాక్షసుల్ని తెచ్చుకుని తిన్నాం. దేవుళ్ళ కాడికొచ్చేతలికి మా ఇంటిది ఒక్కొక్కదానికీ దండం పెట్టింది. బిడ్డల మొహాలు చూసి కుండలో ఏసింది."

అయినా బిడ్డలు దక్కలేదు, వాళ్ళ వెనకే ఆమె కూడా పోయింది. మిగిలింది ఒక భటుడి బొమ్మ. "దీన్ని వండేదానికి మనిషి లేకపాయ" అన్నాడు. నాకు కోపం ముంచుకొచ్చింది, ఎవరి మీదో తెలియదు.

"మరి సరేనని ఎందుకన్నావు? దేవుళ్ళని తిన్నందుకే వాన రాలేదంటే ఊరు నిన్ను బతకనిస్తుందా?"

"లేవని చెప్తే వాళ్ళకుండే ఆ కాస్త ఆశా పోతాది. నువ్వు మద్దెల కొట్టు." మద్దెలగాడు కూడా కరువులోనే పోయాడు. నాకు తాళం రాదు, అయినా మద్దెల మెడకేసుకున్నాను.

ప్రళయం తర్వాత మిగిలిన ఒకే ఒక్క మనిషి కథ వాళ్ళ ఇంట్లో తరతరాలుగా చెప్పుకునేవారు. ఒక్క బొమ్మతో ఆటేమిటని ఎవరూ తెరకెక్కించలేదు. ఆయన ఎక్కించాడు. చీకటి పడగానే, ఊరంతా పోగేసిన ఆముదంతో వెలిగించిన దీపం ముందు భటుడు నడిచాడు. "కలువాయిలో ఎవురన్నా ఉండారా? వింజమూరులో ఉండారా?" ఏ ఊళ్ళోనూ మనిషి లేక బొమ్మ ముందుకు నడిచింది. "దేవుళ్ళేరి?" అని జనంలో గొణుగుడు మొదలైంది. ఒకాయన విసురుగా తెర దగ్గరికే వచ్చాడు.

"ఆత్మకూరులో ఎవురన్నా ఉండారా?"

ఇంటి కథలో ఇక్కడ ఆ మనిషి ఒంటరిగా కూలబడతాడు, కథ అయిపోతుంది. పెద్దాయన బొమ్మను కూలబడనివ్వలేదు. ఆగాడు. నేనూ మద్దెల ఆపేశాను. ఇంట్లో అందరినీ పోగొట్టుకున్న ఒక అవ్వ ముందు వరసలోంచి అంది: "నేనుండానయ్యా." బొమ్మ అటు తిరిగింది. ఇంకో గొంతు. మరొకటి. కొట్టడానికి వచ్చినాయనే, "నేనుండా, మా తమ్ముడు లేడు" అని భోరుమన్నాడు. దేవుళ్ళ సంగతి ఆ తర్వాత ఎవరూ అడగలేదు. వాన మాత్రం ఆ నెలంతా రాలేదు.

కరువు తీరాక కూడా ఆయన వేరే బొమ్మలు చేసుకోలేదు. ఆ ఒక్కదాన్నే చంకన పెట్టుకుని ఊరూరా తిరిగాడు. ఏ ఊరివాళ్ళు ఎంత గట్టిగా పలికారో వచ్చి నాకు చెప్పేవాడు, గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతూనే. పెద్దాయనా, నాకు మనుషుల్ని పలకరించడం నేర్పింది నువ్వే.

మిగతా సంగతి బండివాడు నిన్నే, ఎద్దుల్ని విప్పాక చెప్పాడు. ఉదయగిరిలో ఆట నడుస్తోందట. బొమ్మను ముల్లుతో తెరకు గుచ్చి, ఎప్పటిలాగే అడిగాడట. జనం పలికారు. బొమ్మ తిరగలేదు. ముసలాయనకు వినబడలేదనుకున్నారు. తెర వెనక దీపం వెలుగుతూనే ఉంది, భటుడి నీడ నిలబడే ఉంది, ఉదయగిరి జనం లేచి నిలబడి గొంతు చించుకుని, "ఉండాం పెద్దాయనా, ఉండాం!" అని అరుస్తూనే ఉన్నారట.