కడిగిన సీసా

గుంటూరు కోర్టులో నేను కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన రోజులవి. పర్చూరు నుంచి వస్తున్న బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన నా సీసా అడిగి నీళ్ళు తాగాడు. చిలకలూరిపేటలో బస్సు ఆగగానే దిగి, కుళాయి దగ్గర దాన్ని మూడుసార్లు కడిగి, నింపి తెచ్చి ఇచ్చాడు.

"అంత కడగడం ఎందుకండీ?" అన్నాను.

ఆయన నా ఒళ్ళోని నల్లకోటు చూసి సంగతి చెప్పాడు. వరిలో కలుపు మందు కొట్టిన పంపును, పక్కచేను రైతు అడిగితే కడగకుండా ఇచ్చాడట. అతను దాంతోనే పత్తికి పురుగుమందు కొట్టాడు. పంపులో మిగిలిన కలుపు మందుకి నాలుగు రోజుల్లో చేనంతా ఆకులు ముడుచుకుపోయాయి. ఈయన కావాలనే చేశాడని ఆ రైతు కేసు పెట్టాడు.

"ఒకప్పుడు గట్టు తగాదా పడ్డమాట నిజమే బాబూ. కడగటం మర్చిపోయిందీ నిజమే. ఊళ్ళో ఒక్కడన్నా నమ్మితేగా!"

"దురుద్దేశం ఉందని వాళ్ళు రుజువు చెయ్యాలండీ."

"మా వకీలూ అదే అన్నాడులే. కానీ ఆ చేను చూసినప్పుడు, ఒక్క క్షణం నాకు లోపల హాయిగా అనిపించింది. దాన్నేమంటారు?"

"దాంతో కోర్టుకి పనిలేదండీ. మర్చిపోయారంటే నేను నమ్ముతున్నాను."

ఆయన మొహం తేటపడింది. గుంటూరులో దిగేటప్పుడు నా భుజం తట్టి వెళ్ళాడు.

ఆయన కనుమరుగయ్యాక దాహమేసింది. సీసా మూత తీసి, తాగేముందు వాసన చూశాను.

ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.