భుజం మీద చెయ్యి

కుప్పంలో నేను బొమ్మలు నేర్పే గదిలో నిన్న ఎవరో రంగుల్లో కలిపే టర్పెంటైన్ సీసా మూత సరిగా పెట్టలేదు. తలుపు తీయగానే ఘాటు ముక్కుకు తగిలింది. పిల్లలు గబగబా కిటికీలు తెరిచారు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. పుంగనూరులో గంగులప్పగారి అంగడి వాసన అది.

గంగులప్పగారు చనిపోయినవాళ్ల పటాలు గీసేవారు. గోడకు తగిలించి దండ వేసుకునే పటాలు. మా పల్లెల్లో చాలామందికి విడిగా దిగిన ఫోటో ఉండేది కాదు. పెళ్లిలోనో, తిరునాళ్లలోనో నలుగురితో దిగిన ఫోటో తెచ్చి, వేలు పెట్టి చూపించి, "ఈయమ్మను మాత్రం గీయి సామీ" అనేవారు. మిగతావాళ్లను తీసేసి ఆ ఒక్కరినీ కాన్వాసు మీదికి తేవడమే ఆయన బతుకుతెరువు. ఆయన పెళ్లి చేసుకోలేదు. అంగడి వెనక గదిలోనే వండుకుని తినేవారు.

బొమ్మల చదువు ముగించి మదనపల్లెకు తిరిగొచ్చాక, పని దొరక్క పుంగనూరు వెళ్లి ఆయన దగ్గర చేరాను. ఆయన ఎడమ పక్క స్టూలు నాది. పొగరు మాత్రం తక్కువేం కాదు. మొదటి రోజే నా బొమ్మలు పరిచాను. ఖాళీ బస్టాండులో ముసలాయన, తల వంచుకున్న ఆడమనిషి, అన్నిటికీ బూడిద రంగు. ఆయన ఒక్కొక్కటే వెలుగులో పెట్టి చూశారు.

"ఇంత దిగులు యాల పూసినావమ్మా?"

"వీళ్లంతా ఒంటరివాళ్లు సార్."

"ఎవురు లేక ఒంటరి?"

పటాలు గీసుకునే మనిషికి ఇవేం తెలుస్తాయిలే అనుకున్నాను.

ఆ వేసవిలో గుర్రంకొండ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. భార్య పోయి నెల కూడా కాలేదు. ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఒక్కటే ఉంది. అందులో అతని చెయ్యి ఆమె భుజం మీద ఉంది. "నా చెయ్యి తీసేయండి సామీ. బతికుండే మనిషి చెయ్యి దండ కింద ఉండగూడదంట" అన్నాడు. గంగులప్పగారు ఆ పని నాకిచ్చారు. ముక్కుపుడక, చీర అంచు, కళ్ల కింద ముడతలు, ఒక్కటీ వదలకుండా గీశాను. చెయ్యి ఉన్నచోట చీర రంగు పూశాను. ఎవరూ వంక పెట్టలేరనుకున్నాను.

పటం చూసి రైతు తెల్లబోయాడు. "మొగం ఆమెదే. ఇట్ల ఒక పక్కకు యాల వాలిపోయుండాదమ్మా? పడిపోయేటట్టుండాది."

అప్పుడు గాని నాకు కనబడలేదు. ఫోటోలో ఆమె అతని వైపు ఒరిగి ఉంది. నేను అతన్ని తీసేసి, ఆ ఒరగడాన్ని మాత్రం అలాగే ఉంచేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. గంగులప్పగారు రైతునే అడిగారు.

"ఆమెను నేరుగా నిలబెట్టేదా అప్పా, నీ చెయ్యి పెట్టేదా?"

అతను కండువాతో కళ్లు తుడుచుకుని, "పెట్టు సామీ. ఎవురేమన్నా అనుకోనీ. ఆమె అట్ల ఒక్కతే ఉంటే నేను సూడలేను" అన్నాడు.

ఆమె భుజం మీద కనబడే నాలుగు వేళ్లూ గంగులప్పగారే వేశారు. అతను వెళ్లాక నాతో, "ఒంటరి మనిషిని గీసేటప్పుడు పక్కన ఎవురు లేరో నీకు తెలిసుండల్లమ్మా. వాళ్లను గీయాల్సిన పన్లేదు. తెలిసుంటే సాలు" అన్నారు. ఆ రోజే నా బూడిద రంగు బొమ్మల్ని చుట్టి మూలన పెట్టాను.

తర్వాత కుప్పంలో ఉద్యోగం వచ్చింది. మొదట్లో నెలకోసారి పుంగనూరు వెళ్లేదాన్ని. తర్వాత ఫోనుతో సరిపెట్టాను. "ఎప్పుడు వస్తాండావమ్మా?" అనేవారు. "వచ్చే ఆదివారం సార్" అనేదాన్ని. ఆ ఆదివారం రాలేదు. ఆయన పోయిన సంగతి మూడు రోజులకు పక్క అంగడి టైలరు చెబితే తెలిసింది. ఆయన ఫోటో ఏదైనా ఉంటే పంపమన్నాను. ఈ మధ్యే తన ఫోనులో తీసిందంటూ ఒకటి పంపాడు. గంగులప్పగారు చేతిలో కుంచెతో, పని ఆపి, ఎడమ పక్కకు తిరిగి చూస్తున్నారు. ఆ పక్కన నా స్టూలు ఖాళీగా ఉంది. దాన్ని ఆయన తీయించలేదు. ఆ ఫోటో చూసి చాలా ఏడ్చాను.

ఆయన పటం నేనే గీశాను. బూడిద రంగు వాడలేదు, స్టూలు గీయలేదు. ఎడమ పక్కకు తిరిగిన ఆ చూపు మాత్రం అలాగే ఉంచాను. ఇప్పుడది మా తరగతి గోడకు ఉంది. పిల్లలు ఒంటరి మనిషి బొమ్మ తెచ్చినప్పుడల్లా, ఎవరు లేక ఒంటరి అని వాళ్లను అడుగుతాను. నిన్న కిటికీలు తెరిచాక ఒక అమ్మాయి ఆ పటం వైపు చూపించి నన్నే అడిగింది.

"మరి ఈయన ఎవరు లేక, మేడం?"

"నేను లేక" అన్నాను.