తలుపు వైపు కుర్చీ

మా పక్కింటావిడ ఆగస్టు చివర్లో ఆసుపత్రిలో పోయింది. కబురు వినగానే నాకు ముందు ఆవిడ తమ్ముడు గుర్తొచ్చాడు. నేనెన్నడూ చూడని మనిషి. ఇక అతని పేరు పిలిస్తే పలకడానికి ఆవిడ లేదు.

ఆవిడ చిలీలో నాటకాలకు పాడేది. సైన్యం ప్రభుత్వాన్ని కూల్చిన 1973 సెప్టెంబరులో, రిహార్సల్ జరుగుతుండగా సైనికులు తలుపు నెట్టుకొని వచ్చి తమ్ముణ్ణి తీసుకుపోయారు. మళ్లీ జాడ లేదు. ఆవిడ ఎలాగో కెనడాలోని మా సస్కటూన్ చేరింది. ఎక్కడికెళ్లినా కుర్చీ తలుపుకేసి తిప్పుకొనే కూర్చునేది.

ఏటా ఆ రోజున, తనలాగే దేశం విడిచి వచ్చిన కళాకారులు ఆవిడ ఇంట్లో చేరేవారు. పాటలయ్యాక, తప్పిపోయినవారి పేర్లు పిలిచేవారు. ఒక్కో పేరుకూ అందరూ కలిసి హాజరు పలకాలి. తమ్ముడి పేరుకు మాత్రం ఆవిడ ఒక్కతే. రెండిళ్లకూ ఒకటే గోడ కాబట్టి మాకన్నీ వినపడేవి. గొంతులు ఏడాదికేడాది పలచబడ్డాయి. చివరికి ఆవిడే పిలిచి, ఆవిడే పలికేది.

నేను పొద్దున్నే సహస్రనామం చదువుకుంటాను. ఒకసారి పెరట్లో అడిగింది: "నువ్వూ పేర్లే చదువుతావా?"

"దేవుడివండీ."

"నావి మనుషులవి. నీ దేవుడు తప్పిపోలేదుగా, నీకేం!" అని నవ్వింది.

నిరుడు మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న కరీంనగర్ అమ్మాయిని వెంటబెట్టుకొని ఆ రోజున ఆవిడ ఇంటికి వెళ్లాను. మొదటి పేరుకే ఆ పిల్ల అలవాటుకొద్దీ "ప్రెజెంట్ మేడమ్!" అనేసింది. ఆపైన నా చెవిలో, "అక్కా, గిది ప్రాక్సీ అటెండెన్సే గదా? మా కాలేజ్‌ల రానోళ్లకు రోజూ చెప్పేటోళ్లం."

నాకు తల కొట్టేసినట్లయింది. ఆవిడ ఏమిటని అడిగి చెప్పించుకుంది. కోప్పడలేదు.

"ప్రాక్సీయే. వాడు చచ్చాడని తీసుకుపోయినవాళ్లే ఇంతవరకూ చెప్పలేదు. ఆబ్సెంట్ నేనెందుకు వేయాలి?"

ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకొని, "నువ్వూ పెద్దక్కవే కదా," అంది. అంతే. ఏమడుగుతోందో తెలిసింది. తలూపాను.

ఈ సెప్టెంబరులో ఆవిడ కుర్చీ మా ఇంటికి తెచ్చి, తలుపు వైపే వేశాను. ఆ అమ్మాయి షిఫ్ట్ మార్చుకొని వచ్చింది. పేర్లు పిలిచింది. తమ్ముడి పేరు దగ్గర ఆగి నా వైపు చూసింది. నాకూ తమ్ముళ్లున్నారు. "హాజర్" అన్నాను.

"అక్కా, ఆంటీ పేరు పిలవాల్నా?"

"ఇప్పుడే వద్దమ్మా."

ఇద్దరం ఆ కుర్చీ పక్కనే కూర్చున్నాం. బయట మెట్ల మీద ఎవరివో బూట్ల చప్పుడు. ఉలిక్కిపడి ఇద్దరం తలుపు వైపు చూశాం.