వరసలు లేని భాష

మా ఇంటికి ఎవరొచ్చినా అమ్మ నా చేత స్పానిష్ మాట్లాడిస్తుంది. కాఫీలు అయ్యి, వానల గురించీ వడ్ల తేమ గురించీ మాటలయ్యాక, "మా పాపకు స్పెయిన్ దేశం భాష వొచ్చు. ఏదీ, రెండు ముక్కలు మాట్లాడమ్మే" అంటుంది. నేను తలుపు రెక్క పట్టుకుని నిలబడి, జిరాక్స్ పుస్తకం మూడో పాఠంలోని వాక్యాలు వరసగా అప్పజెబుతాను. నాకు పిజ్జా ఇష్టం. నాకు ఫుట్‌బాల్ ఇష్టం. ఆదివారం నేను మ్యూజియానికి వెళతాను. వచ్చినవాళ్ళకు ఒక్క ముక్కా అర్థం కాదు, అందుకే అంత సంతోషిస్తారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

పిజ్జా నేను ఒకే ఒక్కసారి తిన్నాను, కావలిలో, నచ్చలేదు. ఆదివారాలు ఎక్కడికీ వెళ్ళను. ఆ పాఠంలోని ప్రశ్నలకు నిజమైన జవాబులు నాకు వచ్చు. వాటిని ఒక్క మనిషికే చెప్పాను.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా కావలిలోని మా కాలేజీలో ఆరు నెలల స్పానిష్ కోర్సు పెట్టారు. వారానికి మూడు రోజులు, చివరి బెల్లు కొట్టాక ఒక గంట. ఇంట్లో నేను పుస్తకం తెరిస్తే చాలు, అమ్మకు ఏదో ఒక పని గుర్తొచ్చేది. కాలేజీలో ఇంకో గంట కూర్చోవచ్చు కదా అని చేరాను. ఇంకో కారణం కూడా ఉంది. క్లాసులో నోరు విప్పలేని పిల్లను నేను. కొత్త భాషలో అయితే అందరూ నా లాంటి మూగవాళ్ళే అవుతారనుకున్నాను.

మేడం నెల్లూరు నుంచి వచ్చేవారు. అంతకుముందు బెంగుళూరులో, స్పెయిన్ వాళ్ళతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం చేశారట. మొదటి రోజే, "భయపడబాకండబ్బా. మన మాటల మాదిరే ఇందులో మాటలు కూడా చాలావరకు అచ్చుతో, నోరు తెరుచుకునే ముగుస్తాయి. ఇంగ్లీషుకున్నంత పొగరు దీనికి లేదు" అన్నారు. పక్కనే కెమిస్ట్రీ ల్యాబ్. వాన పడితే తడి గోడల వాసన, గ్యాస్ వాసన కలిసి వచ్చేవి. పుస్తకం జిరాక్స్. అందులో మాడ్రిడ్‌లో ఉండే ఒక కుటుంబం బొమ్మలుండేవి. జిరాక్సులో వాళ్ళ ముఖాలు నల్లగా మాడిపోయి, తల్లి ఎవరో కూతురెవరో తెలిసేది కాదు.

మా కాలేజీలో ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు కూర్చుంటారు. అది ఎవరూ పెట్టని రూలు. సంభాషణలకు జంటలు కావాలని మేడం అందరి పేర్లూ చీటీల మీద రాసి, తన టిఫిన్ బాక్సు మూతలో వేసి కలిపారు. నాకు వచ్చిన చీటీలో జువ్వలదిన్నె అబ్బాయి పేరుంది.

అతను నాకు తెలియనివాడు కాదు. రెండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే బస్సు. మా ఊరు దారిలో వస్తుంది, వాళ్ళది చివర, సముద్రం ఒడ్డున. నేను ముందు సీట్లలో కూర్చునేదాన్ని, అతను వెనక మెట్ల దగ్గర నిలబడేవాడు. వాళ్ళ నాన్న బోటు మీద చేపల వేటకు పోతాడని నాకు తెలుసు, మాది వరి పొలాలున్న ఇల్లని అతనికి తెలుసు. తెలియడం అంతవరకే. ఒక్క మాట కూడా ఎప్పుడూ అనుకోలేదు.

నేను ఎనిమిదో తరగతిలో మొదటిసారి ఒంటరిగా బస్సెక్కిన రోజు అమ్మ ఒక మాట చెప్పింది. "మగపిల్లోళ్ళతో ఏదన్నా పనిబడితే ముందు అన్నా అను. ఆ తర్వాతే మాట. అన్నా అన్నాక ఎవురూ ఏమీ అనుకోరు." మా ఊరి ఆడపిల్లలందరికీ ఈ మాట చెప్పే పంపుతారు. కండక్టరు అన్న. జిరాక్స్ షాపతను అన్న. ఫోన్ రీచార్జి చేసే, నాకన్నా చిన్న పిల్లవాడు కూడా అన్నే. వయసుతో పని లేదు. ఎండలోకి వెళ్ళే ముందు తల మీద చున్నీ వేసుకున్నట్టు, మగవాళ్ళ ముందు నోరు తెరిచే ముందు ఆ మాట వేసుకుంటాం.

మేడం చెప్పిన రెండో పాఠం దానికి సరిగ్గా తలకిందులు. "ఈ భాషలో ఒక ఈడు వాళ్ళు ఒకరినొకరు 'తూ' అనుకుంటారు. నువ్వు అని. అక్కా, అన్నా, సారూ, ఏమీ తగిలించబాకండి" అన్నారు. వెనక బెంచీలో ఎవడో "థూ" అని ఊసినట్టు నటించాడు. క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే ఎదురు కుర్చీలో ఉన్న అతను పుస్తకంలోకి చూస్తూ, స్పానిష్‌లో, నీ పేరేంటి అని అడిగాడు. నేను చెప్పాను. నీ పేరేంటి అని అడిగాను. అతనూ చెప్పాడు. ఒక పరాయి అబ్బాయిని ఏ వరసా లేకుండా నువ్వు అనడం నా జీవితంలో అదే మొదటిసారి. నా చెవులు వేడెక్కాయి.

మూడో పాఠం ఇష్టాలు. పుస్తకంలో పిజ్జా, ఫుట్‌బాల్, మ్యూజియం అని ఉంది. నీకేం ఇష్టం అని నేను చదివాను. అతను పుస్తకం మూసేశాడు. ఆ రోజు మేం స్పానిష్‌లో అన్న మాటల్ని ఇంటికొచ్చి డైరీలో తెలుగులో రాసుకున్నాను, అందుకే ఇంకా ఉన్నాయి.

"నాకు పిజ్జా ఇష్టం లేదు."

"నీకు చేప ఇష్టమా?"

"లేదు. నేను చేపతో ఉంటాను. చేప నా ఇంట్లో ఉంటుంది. చాలు."

గట్టిగా నవ్వాను. కాలేజీలో నేను గట్టిగా నవ్వడం విని పక్క జంట తిరిగి చూసింది. తర్వాత అతను నన్ను అడిగాడు. నాకు పుస్తకాలు ఇష్టం అన్నాను. రాస్తావా అన్నాడు. రాస్తాను, ప్రతిరోజూ, అన్నాను. నాకు డైరీ ఉన్నట్టు మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. వడ్ల గాదె వెనక దాస్తాను. తెలుగులో ప్రాణం పోయినా బయటపెట్టని సంగతి, ఆ రెండు మాటల్లో ఎంత సులువుగా చెప్పేశానో.

ఆ తర్వాత అతను ఫోన్లో వెతికి, కావలసిన మాటలు అరచేతిలో పెన్నుతో రాసుకుని వచ్చేవాడు. కిటికీ, గాలి, భయం. ఒక రోజు, నీ కిటికీలోంచి ఏం కనపడుతుంది అని అడిగాడు. నీళ్ళు, నీళ్ళలో ఆకాశం, ఇంకా వరి లేదు, అన్నాను. అప్పటికి మా పొలాల్లో నాట్లు పడలేదు. నీకు, అని అడిగాను. పడవలు, అన్నాడు. మా నాన్న పడవ లేదు, అన్నాడు. ఎక్కడుంది అంటే, చెమటకు చెదిరిపోతున్న అరచేతిని చూసుకుని, సముద్రం మీద, నాలుగు రోజులు, నాకు భయం, అన్నాడు. మేడం మా పక్కగా నడుస్తూ, "పర్లేదే, బాగా దంచుతున్నారే ఇద్దరూ" అనుకుంటూ వెళ్ళిపోయారు.

క్లాసు అయిపోతే మళ్ళీ అదే బస్సు. నేను ముందు, అతను వెనక. చూపు కూడా కలిసేది కాదు. సీట్ల నిండా మా ఊరివాళ్ళు.

అప్పుడు నాకు ఒక్కటే కోరిక ఉండేది. అతను ఒక్కసారి నాతో తెలుగులో మాట్లాడాలి. ఏం మాట్లాడినా సరే. క్లాసులో అన్న మాటలు మార్కుల కోసమా, నా కోసమా అని నాకు అనుమానం. బయట, మా సొంత భాషలో ఒక్క మాట అంటే అవన్నీ నిజమైపోతాయి. డైరీలో వరసగా ఎన్నో రోజులు ఒకటే వాక్యం ఉంది: ఈ రోజు కూడా లేదు.

కార్తీకంలో తుఫాను వచ్చింది. కాలేజీకి వారం సెలవులు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మా నారుమళ్ళు మునిగాయని నాన్న బాధపడుతుంటే, నేను అతని నాన్న పడవ గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో ఉంటూ ఎవరి పడవ కోసమో దిగులుపడటం దొంగతనంలా అనిపించింది.

కాలేజీ తెరిచిన రోజు మేడం రాలేదు, రైళ్ళు నడవలేదట. మధ్యాహ్నానికే కావలి బస్టాండుకు వచ్చాను. మా వీధి పెద్దమ్మ ఆస్పత్రి పని మీద వచ్చి, సంచీ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. అంతలో అతను కనిపించాడు. వెనక్కి వెళ్ళలేదు. నేరుగా మా బెంచీ ముందుకు వచ్చి నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది. తెలుగులో అన్నాడు.

"నీతో ఒక మాట చెప్పాల."

నీతో, అన్నాడు. ఆరేడు వారాలుగా నేను ఎదురుచూసిన మాట అది. పెద్దమ్మ తల తిప్పి నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను.

"ఏందన్నా?"

నేను అనలేదు. ఎనిమిదో తరగతిలో బస్సెక్కిన పిల్ల అనేసింది. మాట బయటికి వచ్చాక నాకూ వినిపించింది. అతని ముఖంలో పెద్ద మార్పేమీ లేదు. ఒక అడుగు మాత్రం వెనక్కి వేశాడు.

"ఏం లేదక్కా" అన్నాడు. "పరీక్ష ఎప్పుడో అడుగుదామని."

"సోమవారం అన్నా" అన్నాను. రెండోసారి కూడా.

అతను వెళ్ళిపోయాక పెద్దమ్మ అడిగింది. "ఎవురమ్మే ఆ పిల్లోడు? జువ్వలదిన్నె బస్సుకు వొస్తా ఉంటాడే, ఆ పిల్లోడేనా?"

"మా క్లాసులో అన్న" అన్నాను. మూడోసారి.

"అట్నా. ఈ కాలం పిల్లకాయలకు అన్నా అనేదానికి నామోషీ. నువ్వు బంగారం" అని పెద్దమ్మ సంచీలోంచి ఒక జామకాయ తీసి ఇచ్చింది. ఇంటికి వచ్చేదాకా అది నా చేతిలోనే ఉంది. ఏం చెప్పాలని వచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళ నాన్న క్షేమంగా ఉన్నాడని అయి ఉండొచ్చు. అంతే అయి ఉండొచ్చు.

జంటలుగా ఒకరినొకరు ప్రశ్నలడిగే ఆ పరీక్షకు నాలుగు రోజులుంది. అన్న మాటను తెలుగులో సరిదిద్దుకోలేనని తెలుసు, అందుకే స్పానిష్‌లో ఒక వాక్యం తయారు చేసుకున్నాను. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: నీకు అన్నదమ్ములున్నారా? నాకు నిజంగానే లేరు, ఒక చెల్లెలు మాత్రం ఉంది. నాకు అన్న లేడు, నువ్వు నా అన్నవు కాదు. దాన్ని డైరీలో పేజీ నిండా రాశాను.

సోమవారం మేడం మార్కుల షీటుతో పక్కన కూర్చున్నారు. అతను ఎదుట. అరచేతుల మీద ఏమీ రాసి లేదు. ముందు అతను అడగాలి. ఆ ప్రశ్న రానే వచ్చింది. అతని వైపే చూస్తూ, "నాకు అన్న లేడు" అన్నాను. తర్వాతి సగం అనబోతుంటే మేడం, "చాల్లేమ్మా, ఒక్క వాక్యమే అడిగింది" అని టిక్కు పెట్టారు. అతను తల ఊపి, పుస్తకంలో ఉన్న తర్వాతి ప్రశ్నకు వెళ్ళాడు.

ఇక నా వంతు. నీకేం ఇష్టం అని అడిగాను.

"నాకు పిజ్జా ఇష్టం. నాకు ఫుట్‌బాల్ ఇష్టం" అన్నాడు.

ఆదివారం ఏం చేస్తావు?

"ఆదివారం నేను మ్యూజియానికి వెళతాను."

ఒక్క తప్పు లేదు. "శభాష్ రా, పుస్తకం పుస్తకం దించేశావే" అన్నారు మేడం. అతనికి పూర్తి మార్కులు వచ్చాయి.

సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంది. తుఫాను తర్వాత ఒకే బస్సు తిప్పుతున్నారు. ముందు సీటు దొరక్క, మధ్యలో గోతాల పక్కన ఇరుక్కుని నిలబడ్డాను. అతను వెనక మెట్ల దగ్గర, ఎప్పుడూ ఉండే చోటే. మా ఊరి మలుపు వచ్చింది. నా దారికి అడ్డంగా నలుగురైదుగురు మగవాళ్ళున్నారు. జరగండన్నా అనాలి. నోరు రాలేదు. ఆ మాట తప్ప నాకు వేరే మాట రాదు, ఆ మాటేమో అనలేను. బస్సు ఆగింది. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

వెనక నుంచి అతని గొంతు వినిపించింది. నా కోసం అతను తెలుగులో అన్న చివరి మాట.

"కొంచెం జరగండన్నా. అక్క దిగాల."

మనుషులు జరిగారు. అతను మెట్ల మీంచి కిందికి దిగి, రోడ్డు మీద పక్కకు నిలబడి నాకు దారి ఇచ్చాడు. నేను దిగాను. అతను మళ్ళీ ఎక్కాడు, బస్సు సముద్రం వైపు వెళ్ళిపోయింది.