అయిదువందల అద్దె

పుణ్యం అన్న మాటంటే నాకు చిన్నప్పటి నుంచీ మంట. ఇచ్చేవాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి, పుచ్చుకునేవాడి నడుం వంచే మాట అది. కడపలో సభలు పెట్టి మరీ దాని మీద గొంతు చించుకున్నాను. మస్కట్ వచ్చాక సభలు లేవు, మంట మాత్రం మిగిలింది.

కడపలో నాకొక చిన్న ఇల్లుంది. దాన్ని ఒకామెకు అద్దెకిచ్చాను. ఆమెదీ కడపే. ఇక్కడ అల్ అమెరాత్‌లో, నా రూమ్‌కు రెండు వీధుల అవతల, ఒక ఒమానీ కుటుంబంలో ఇంటిపని చేస్తుంది. కడప ఇంట్లో ఉండేది ఆమె ఇద్దరు కూతుళ్లు, వాళ్లను చూసుకునే చెల్లెలు. ఆ వీధిలో నెలకు ఎనిమిది వేలు పలికే ఇల్లది. నేను అయిదువందలే చెప్పాను. ఉత్తినే ఉండమంటే దానమవుతుంది, ఎంతో కొంత తీసుకుంటే ఇద్దరం సమానం. అదీ నా సిద్ధాంతం. ఆమె అడిగింది ఒకటే: "అగ్రిమెంటు రాస్తావా అన్నా?" రాశాను.

తర్వాత వానలకు శ్లాబు కారింది. బాగు చేయించడానికి ఏడాది అద్దెకు పదింతలైంది. డిపాజిట్ల వడ్డీ వస్తుంది కాబట్టి ఇండియాలో ఏటా పన్ను రిటర్న్ వేస్తాను. శ్లాబు ఖర్చు అందులో తీసేయొచ్చులే అనుకున్నాను.

రుసైల్‌లో మా కంపెనీ లెక్కలు రాసే హైదరాబాదు మిత్రుడొకడు శుక్రవారాల్లో మా అందరి రిటర్నులూ చూసిపెడతాడు. ఫీజు ఒక బిర్యానీ. నా కాగితాలు చూసి నవ్వాడు.

"రిపేరుకు వేరే ఏం రాదు భాయ్. అద్దెల ముప్పై శాతం తీసేస్తరు, సున్నం సిమెంటు అన్నీ దాంట్లనే. మున్సిపాలిటీ పన్ను కట్టినవా, అదొకటి పోతది. బస్."

"పోనీలే. ఏడాదికి ఆరువేల అద్దె మీద పన్నెంత పడుతుంది?"

"ఆరువేలని ఎవరు చెప్పిండ్రు? ఆ గల్లీల ఎంత రావాల్నో అంత మీద పడతది."

"రాని అద్దెకు పన్నా! లాభం కోసం ఇవ్వలేదయ్యా నేను."

"కానూన్‌కు నీ నీయత్‌తోని, మనసుల మాటతోని ఏం పని? ఫారంల దానికి గడి లేదు."

అరగంట ఉపన్యాసమిచ్చాను. అతను హాయిగా బిర్యానీ తిని, చెయ్యి కడుక్కొచ్చి ఉపాయం చెప్పాడు. అగ్రిమెంటు తీసేయాలి, అద్దె మానేయాలి. నాకున్నది ఆ ఒక్క ఇల్లే, డ్యూటీ ఇక్కడ కాబట్టి అందులో ఉండలేను. కిరాయికివ్వని ఇల్లయితే దాని మీద పన్నుండదు.

"మొదట్నుంచే ఉత్తగ ఇచ్చి ఉంటే గొడవే లేకపోవు. నువ్వేమో పెద్ద న్యాయం, ఇన్సాఫ్ చేసినవ్!"

దానం చేస్తే పడని పన్ను నా సమానత్వానికి పడింది. ఒళ్లు మండింది. అయినా ఉపాయం నచ్చింది.

మరుసటి శుక్రవారం ఆమె సరుకులకు వస్తే కిరాణా కొట్టు ముందు ఆపి చెప్పాను. "ఇక నుంచి అద్దె వద్దమ్మా. అగ్రిమెంటూ వద్దు. ఎన్నాళ్లయినా ఉండండి."

సంతోషిస్తుందనుకున్నాను. చేతిలోని సంచి కింద పెట్టింది.

"నేనేమి తప్పు జేసినానన్నా?"

పన్ను సంగతంతా వివరించాను. ఓపిగ్గా విన్నది.

"ముందర నా బిడ్డలు మా చిన్నాయన ఇంట్లో ఉత్తగానే ఉండిరి. పుణ్యానికి పెట్టుకున్యాడు. ఒకదినం పొద్దున ఆయప్పకు బుద్ధి మారింది. సాయంత్రానికి బిడ్డలు బయట. ఏ కాయితం జూపించి అడగల్ల?"

"నేను అట్లాంటివాణ్ణి కానమ్మా."

"ఆయప్పా అదే చెప్పినాడు."

అయిదువందలతో నేను సమానత్వం ఇచ్చాననుకున్నాను. ఆమె కొనుక్కున్నది అగ్రిమెంటులోని ఒక వాక్యం: ఖాళీ చేయమంటే నెల ముందు చెప్పాలి. పిల్లల తలమీద ఉన్న కప్పు శ్లాబు కాదు, ఆ వాక్యం. పుణ్యాన్ని తిట్టిన నోటితోనే, పన్ను మిగులుతుందని, ఆమెను దాని కిందికే నెట్టబోయాను. నా మనసులో ఏముందో అడగని చట్టాన్ని వారం రోజులు తిట్టాను. ఆమె కూడా నా మనసు అడగలేదు, కాగితమే అడిగింది. మనసును నమ్మి మోసపోయినవాళ్లకు ఆ హక్కుంది.

రాని అద్దెకు పన్ను కట్టాను. మిత్రుడు నన్ను పాగల్ అన్నాడు.

పాత అగ్రిమెంటు గడువు పదకొండు నెలలు నిండాక కొత్త అగ్రిమెంటు రాసి ఆమెకు చదివి వినిపించాను. ఖాళీ చేయించే వాక్యం దగ్గర ఆపింది.

"నెల సాలదన్నా. బిడ్డల ఇస్కూళ్లు నడిచేటప్పుడు ఇల్లు దొరకదు. రొండు నెల్లని రాయి."

కొట్టేసి, రెండు నెలలని రాశాను. ఆ దిద్దుబాటు పక్కన నాచేత సంతకం కూడా పెట్టించింది.