బావగారి కోసం ఆగిన పంక్తి

మా బావగారు పోయారు. రాజోలు నుంచి అమలాపురం వచ్చే బస్సులో, కిటికీ పక్క సీట్లో, కళ్ళు మూసుకుని కూర్చునే పోయారు. అమలాపురంలో అందరూ దిగారు, ఆయన దిగలేదు. కండక్టరు ఆయన్ని ఎరిగున్నవాడే. ప్రార్థనలో ఉన్నారనుకుని, కదపడం ఇష్టం లేక, డ్రైవరుతో కలిసి టీ తాగి వచ్చాడట. వచ్చేసరికీ అలాగే ఉన్నారు. జేబులో మావారి నంబరు దొరికితే ఫోన్ చేశాడు. "నేను ముందే లేపాల్సిందండి, తప్పైపోయిందండి," అని అంత పెద్దమనిషీ ఏడుస్తుంటే నేనే ఓదార్చాల్సి వచ్చింది.

బావగారంటే మావారి అన్నగారు. పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉండగా ఉద్యోగానికని ఉత్తరాదికి వెళ్ళి, అక్కడ ఒక చిన్న ప్రార్థన గుంపులో కలిశారు. వాళ్ళకి చర్చి ఉండదు, పాస్టరు ఉండడు, పాటలుండవు. పదిమంది ఒక గదిలో చేరి ఊరికే కూర్చుంటారు. ఎవరికైనా లోపల్నించి మాట పుడితే లేచి చెబుతారు, పుట్టకపోతే నమస్కారం పెట్టుకుని ఇళ్ళకి పోతారు. మా అత్తవారింట్లో అందరం గుళ్ళకీ వ్రతాలకీ తిరిగే మనుషులమే. ఆయనొక్కరే ఆ దారి పట్టారు. ఉద్యోగం మానేసి తిరిగొచ్చాక ఇక ఊళ్ళు తిరగడమే ఆయన పని. అప్పనపల్లి వెళ్ళే భక్తులతో పాటు అదే బస్సెక్కి, వాళ్ళు గుడి దగ్గర దిగితే ఈయన ఆ పై ఊళ్ళో దిగేవారు. ఎవరో ఒకరి అరుగు మీద నలుగురు చేరేవారు. గంట సేపు ఎవరూ మాట్లాడేవారు కాదు. మా వీధిలో ఆయనకి 'మాట్లాడని పాస్టరుగారు' అని పేరు. నేను కూడా చాటుగా ఆ మాట అని నవ్వుకున్నదాన్నే.

మాట్లాడకపోతే మాట్లాడకపోయారు, ఆ తిండి దగ్గర పేచీయే నాకు ప్రాణసంకటంగా ఉండేది. కోనసీమలో పుట్టి రొయ్యలు తినరు. "ఎవరు పెంచేరో, వాళ్ళనెలా ఉంచేరో తెలీదు కదమ్మా," అనేవారు. అంట్లు తోమే మనిషిని 'మీరు' అనేవారు, ఆ మనిషి సిగ్గుతో చచ్చిపోయేది. ఎవరింటికి వెళ్ళినా, కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళిచ్చేలోపు ఇంటాయన్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగేవారు. "మీ దగ్గర పనిచేసేవాళ్ళు వెళ్ళిపోదామనుకుంటే వెళ్ళిపోవచ్చా అండి?" వెళ్ళొచ్చంటే సుబ్బరంగా భోంచేసేవారు. లేదంటే మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. తిట్టేవారూ కాదు. గుమ్మం దగ్గర కూర్చునేవారు, అంతే. వచ్చినవాళ్ళకి విస్తరి వెయ్యకుండా పంపడం తెలియని మన దేశంలో, అలా కూర్చున్న మనిషిని ఎవరు మాత్రం ఎంతసేపని చూస్తారు?

రాజోలు అవతల ఒక ఏజెంటు, గల్ఫులో ఇంటిపనికి వెళ్ళబోయే ఆడవాళ్ళ పాస్‌పోర్టులు తన బీరువాలో పెట్టుకుని, ఇక వెళ్ళం, అక్కడ కష్టాలు పడలేం అన్నవాళ్ళని కూడా వదిలేవాడు కాదు. బావగారు వాడి మెట్ల మీద వానలో కూర్చున్నారు. వాడు కొబ్బరిబోండాం కొట్టించి పంపాడు, గొడుగు పంపాడు, చివరికి పాస్‌పోర్టులు పంపాడు. అన్నిచోట్లా ఇలా జరిగిందని కాదు. ఒకచోట కుక్కని వదిలారు. కొన్ని ఊళ్ళవాళ్ళు ఇక రావద్దని కబురు పెట్టారు. ఆ రోజుల్లో ఆయన తలుపు వేసుకుని మా ఇంట్లో తన గదిలో కూర్చుంటే నాకు జాలి వేసేది, ఒళ్ళూ మండేది.

ఇదంతా ఇతరుల ఇళ్ళలో జరిగినంతకాలం ఒకెత్తు. మా తమ్ముడి గృహప్రవేశం ఒకెత్తు.

తమ్ముడికి ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువులున్నాయి. అవి కలిసొచ్చి అమలాపురంలో మేడ కట్టాడు. నేను ఆ ఇంటి ఆడపడుచుని. మా మావగారు లేరు కనుక నా అత్తవారి తరఫు పెద్ద బావగారే. మా పద్ధతిలో ఆయన పంక్తిలో మొదట కూర్చుని అన్నంలో చెయ్యి పెడితే తప్ప మిగతావాళ్ళు ముట్టుకోరు. వ్రతం అయింది. పందిట్లో బల్లలు వేసి ఆకులు పరిచారు. పనసపొట్టు కూర, దప్పళం, బూరెలు వడ్డన అయిపోయింది. చూస్తే మొదటి ఆకు ముందు కుర్చీ ఖాళీగా ఉంది.

ఆయన పెరటివైపు, పందిరి పక్కనే గంగాళాలు తోముతున్న చోట, ఒక ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఒక అమ్మాయి బూడిద చేతులతో గిన్నెలు తోముతోంది. నిండు కడుపు. ఆ అమ్మాయీ, ఆమె మొగుడూ ఒడిశా వైపు నుంచి వచ్చినవాళ్ళు, చెరువు గట్టు మీద పాకలో ఉండి రొయ్యలకి మేత వేస్తూ కాపలా కాస్తారు. ఆ రోజుకి పనికని తమ్ముడు ఆమెని ఇంటికి తెచ్చాడు.

"బావగారూ, ఆకులేసేరండి. అందరూ మీ కోసమే చూస్తున్నారు," అన్నాను.

"ఆకలి లేదని అబద్ధం చెప్పనమ్మా. కడుపు కాలిపోతోంది. కానీ తినలేను. మీ తమ్ముణ్ణి అడిగేను. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి అయ్యేదాకా వీళ్ళు గేటు దాటడానికి లేదన్నాడు. వీళ్ళ ఆధార్ కార్డులూ ఫోనూ మీ తమ్ముడి దగ్గరే ఉన్నాయిట. ఈవిడ పురిటికి వాళ్ళమ్మ దగ్గరకి వెళ్తానంటోంది."

పట్టుబడికి ఇంకా రెండు నెలలుంది. ఆ చెరువులు నేను చూశాను. రోడ్డెక్కాలంటే బురద గట్ల మీద చాలా దూరం నడవాలి. వానొస్తే బండి రాదు, మంత్రసాని రాదు, ఎవరూ రారు. ఆ పిల్లకి అక్కడ నొప్పులొస్తే ఏమిటి గతి? అని ఒక పక్క. ఇంతమంది చుట్టాల మధ్య నా పుట్టింటి పరువేం కాను? అని ఇంకో పక్క. "ఇవాళ వద్దండి, రేపు నేను మాట్లాడతాను," అని బతిమాలాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

తమ్ముడు వచ్చాడు. పట్టుపంచె, నుదుటిమీద కుంకం, మొహంలో నవ్వు ఇంకా పోలేదు.

"పెద్దబావగారండీ, లేవండి. నా కొత్తింట్లో మీరు తినకపోతే నలుగురూ ఏమనుకుంటారండి?"

"ఈవిణ్ణీ, వాళ్ళాయన్నీ వెళ్ళనివ్వండి. తింటాను. మాటిస్తున్నాను."

"వాళ్ళకేం తక్కువ చేసేనండి? పాక వేయించేను, బియ్యం ఇస్తున్నాను, ఫ్యానుంది. మధ్యలో వదిలేస్తే చెరువెవడు చూస్తాడండి?"

"అన్నీ ఇచ్చేరు. వెళ్ళే దారి ఇవ్వలేదు. దీన్ని బానిసత్వం అంటారండి."

ఆ మాటకి వడ్డించేవాళ్ళు గరిటెలతో అలాగే నిలబడ్డారు. తమ్ముడి మొహం నల్లబడింది. నేను దగ్గరికి జరిగి, "ఆ మాట వెనక్కి తీసుకోండి బావగారూ," అన్నాను.

"ఇంకో మాట ఉంటే చెప్పమ్మా, అదే అంటాను," అన్నారు మెల్లగా.

తమ్ముడి స్నేహితులు ఇద్దరు ముందుకొచ్చారు. "పెద్దాయనని ఆటో ఎక్కించేద్దామండీ," అన్నాడొకడు, చొక్కా చేతులు పైకి మడుస్తూ. మావారు అడ్డం వెళ్ళి నిలబడ్డారు. బావగారు మాత్రం పీట మీద నుంచి కదలలేదు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. వాదిస్తే బాగుండును, అరిస్తే బాగుండును అనిపించింది నాకు. ఎక్కడో పసిపిల్లాడు ఏడుస్తున్నాడు. ఆకుల్లో అన్నం చల్లారిపోతోంది.

మా అమ్మకి చెవుడు. పంక్తి చివర కూర్చుని ఇదంతా చూస్తోందే గాని ఏమీ వినబడలేదు. ఏమైందని పక్కావిణ్ణి అడిగింది. ఆవిడ చెవిలో గట్టిగా చెప్పింది. మా అమ్మ బానిసత్వం సంగతేమీ పట్టించుకోలేదు. ఆ అమ్మాయిని చేత్తో పిలిచింది. ఆ పిల్ల చేతులు పమిటకి తుడుచుకుంటూ, తమ్ముడికేసి బెదురుగా చూస్తూ వచ్చింది.

"ఎన్నో నెలమ్మా?"

"ఏడు," అంది ఆ పిల్ల.

"తొలి కాన్పా?"

తల ఊపింది.

"మీ అమ్మ ఉందా?"

"ఉంది."

ఈ మూడు జవాబులూ మా అమ్మకి ఎలాగో అందాయి. పెదాలు చూసి గ్రహించిందేమో. తమ్ముడికేసి తిరిగింది. "ఒరేయ్, తొలి కాన్పు, ఏడో నెల, తల్లి బతికుంది. ఏ మొహం పెట్టుకుని ఆ పిల్లని చెరువు గట్టు మీద ఉంచేవురా?"

"నీకు తెలీదమ్మా. వాళ్ళ పద్ధతులు వేరు."

"ఏం వేరురా? ఏడో నెలలో నీ అక్కని నేను తెచ్చుకోలేదూ? మీ అత్తగారు నీ పెళ్ళాన్ని తీసికెళ్ళలేదూ?" అంటూనే మా అమ్మ బల్ల పట్టుకుని లేచింది. వడ్డించిన ఆకు ముందు నుంచి, గృహప్రవేశం నాడు, ఇంటి తల్లి తినకుండా లేచిపోయింది. పక్కావిడ "అయ్యయ్యో" అంది. ఆ పక్కావిడ కూడా లేచింది. నేనెలాగూ కూర్చోలేదు. చూస్తూండగానే ఆడవాళ్ళ వరసంతా నిలబడింది. మగవాళ్ళు తలలు దించుకున్నారు.

తమ్ముడు లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చి కార్డులూ ఫోనూ చెరువుల గేటు తాళం చెవీ అరుగు మీద విసిరేశాడు. "తీసుకుపొండి. అక్కా, నువ్వు కూడా నీ అత్తారితో వెళ్ళిపో. ఇంక మనకి రాకపోకలు లేవు," అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. వాణ్ణి ఎత్తుకు పెంచినదాన్ని నేను.

బావగారు వంగి ఆ కార్డులు తీసి, కండువాతో తుడిచి, ఆ అమ్మాయి చేతుల్లో పెట్టారు. అందరం ఇక వెళ్ళిపోతారనే అనుకున్నాం. ఆయన నేరుగా వెళ్ళి మొదటి ఆకు ముందు కూర్చున్నారు. "అమ్మా, దప్పళం వడ్డించు. మాటిచ్చేను కదా," అన్నారు. అంతమంది కొరకొరా చూస్తుంటే, చల్లారిన అన్నం మెతుకు మిగలకుండా తిన్నారు. దప్పళం నేనే వడ్డించాను. తిని, చేతులు కడుక్కుని, మా తమ్ముడి దగ్గరకి వెళ్ళి, "భోజనం చాలా బాగుందండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి," అన్నారు. వెటకారం కాదు. ఆయనకి అది చేతకాదు. తమ్ముడు మొహం తిప్పుకున్నాడు.

తర్వాత ఒకసారి అడిగాను, ఆ రోజు ఎందుకలా నోరు మూసుకుని కూర్చున్నారని. "నేను వాదిస్తే మీ తమ్ముడే గెలిచేవాడమ్మా. మాటకారి కదా. నేను ఊరుకున్నాను కాబట్టి మీ అమ్మగారికి చోటు దొరికింది," అన్నారు.

మొన్న ఆయన పోయిన కబురు తమ్ముడికి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఇన్నాళ్ళకి ఎత్తాడు. విన్నాడు. పెట్టేశాడు. రాలేదు. బావగారివల్ల నా పుట్టింటి గుమ్మం మూసుకుపోయింది. ఆ కోపం నాకు ఇంకా ఉంది, ఆయన ఫొటోకి దండ వేస్తున్నప్పుడూ ఉంది. అయినా ఆయన ఆ రోజు తినేసి ఊరుకుని ఉంటే నేను క్షమించేదాన్ని కానని కూడా నాకు తెలుసు.

గృహప్రవేశం నాడు ఆ మధ్యాహ్నమే బావగారూ నేనూ ఆ అమ్మాయిని అద్దె కారులో ఎక్కించుకుని వెళ్ళి, రోడ్డు దగ్గర దిగి గట్ల మీద నడిచి, గేటు తాళం తీశాం. ఆమె మొగుడు మమ్మల్ని నమ్మలేదు, ఏదో మోసం అనుకుని గట్టు మీదే నిలబడిపోయాడు. భార్య కార్డులు పైకెత్తి చూపిస్తే అప్పుడు వచ్చాడు. దారంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు, ఎవరైనా బండి మీద తరుముతున్నారేమోనని. నిజం చెప్పాలంటే రావులపాలెం వంతెన దాటేదాకా నేనూ చూశాను.

రాజమండ్రి స్టేషన్లో రైలు ఆలస్యమన్నారు. బెంచీ మీద నలుగురం కూర్చున్నాం. కాసేపటికి ఆ అమ్మాయి లేచి ప్లాట్‌ఫాం మీద నడవడం మొదలుపెట్టింది. మంచినీళ్ళకి కాదు, పంపు ఇటువైపు ఉంది. మొగుడు కంగారుపడి పిలవబోతే బావగారు చెయ్యి అడ్డంపెట్టారు. "నడవనివ్వండి. తన ఇష్టాన నడిచి ఎన్నాళ్ళయిందో," అన్నారు. ఆమె నడుం మీద ఒక చెయ్యి వేసుకుని, సామాన్ల మధ్య నుంచి, పడుకున్న మనుషుల మధ్య నుంచి మెల్లగా వెళ్ళింది. చాలా దూరం పోయాక ఆగి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ కేకెయ్యలేదు. ఎవరూ లేచి రాలేదు. ఇంకాసేపు అలాగే చూసి, అటు తిరిగి, రేకుల కప్పు దాటి నీరెండలోకి నడుచుకుంటూ వెళ్ళింది.